సొంత సర్వీసు

హలో... ఆ, వినపడుతోందా? అందరూ బాగున్నారా? ఓ చిన్న ట్రాక్టరు కథ చెప్తాను, ఫోను పెట్టేయకండి. నచ్చితే నలుగురికీ పంపండి బాబూ. ఆ మాట ముందే అడిగేస్తున్నా, ఎందుకంటే కథ అయ్యాక నేనింక నోరు తెరవను.

"తాళం ఇలా ఇవ్వు నాన్నా."

పెద్దాయన అప్పుడే ఇంజను కాసేపు తిప్పి ఆపాడు, నూనె వేడెక్కితే బాగా జారుతుందని. తాళం తీశాడు కానీ గుప్పిట విప్పలేదు.

"సర్వీసు చేసేటప్పుడు తాళం బండికి ఉండకూడదని నీకు నేర్పిందే నేను. ఇస్తాలే. మళ్ళీ నాకే ఇవ్వాలి."

"అది నువ్వు చేసేదాన్ని బట్టి."

షెడ్డులో ఇద్దరే ఉన్నారు. బయట చీకటి పడింది, వాన దంచికొడుతోంది. జల్లు పడకుండా షట్టరు ముప్పాతిక దించేశారు. మధ్యలో చిన్న ట్రాక్టరు. తోటపనికని పెద్దాయన ముచ్చటపడి కొనుక్కున్నది. ఇన్నేళ్ళలో దాని మీద ఒక్క మెకానిక్కు చెయ్యి పడనివ్వలేదు.

పోయిన వారం అదే ట్రాక్టరు గేటు స్తంభాన్ని బరబరా గీకేసింది.

"బ్రేకు లూజైంది" అన్నాడు పెద్దాయన.

"నీ బుర్ర లూజైంది" అంది కూతురు.

ఆమె ఊరికే అనలేదు. పెద్దాయన మొన్న టీలో పంచదార బదులు ఉప్పు వేశాడు. రోడ్డు మీద సొంత చెల్లెలు ఎదురొస్తే ముక్కూ మొహం తెలియనట్టు వెళ్ళిపోయాడు. రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులేసుకుని పెళ్ళికి తయారయ్యాడు. మతిమరుపు ముదిరిందని ఇంట్లో అందరూ తేల్చేశారు. పెద్దాయన కాదనలేదు.

ఇప్పుడేమో, రేపు నిన్ను ట్రాక్టరు మీద బడికి తీసుకెళ్తానని మనవరాలికి మాటిచ్చేశాడు. దాంతో కూతురు పందెం పెట్టింది.

"సర్వీసంతా నా ముందు చెయ్యి. ఒక్కటి మర్చిపోయినా తాళం నా దగ్గరే ఉంటుంది. అన్నీ సరిగ్గా చేశావా, పిల్లని నేనే ఎత్తి ఎక్కిస్తాను."

పెద్దాయన తాళం ఇచ్చాడు. అంతలో గోడ మీద ఫ్యాను గిర్రున తిరుగుతున్నది కాస్తా ఆగిపోయింది.

"కరెంటు పోయింది నాన్నా. రేపు చూద్దామా?"

"చూశాలే. టార్చి ఉందిగా, అది పట్టుకో. రేపంటే పిల్లకి ఏం చెప్పను?"

హ్యాండు బ్రేకు లాగాడు. చక్రాల వెనక రాళ్ళు పెట్టాడు. నాగలి తగిలించే వెనక లిఫ్టు పూర్తిగా దించాడు. గోడకున్న మేకు మీంచి స్పానరు తీసుకుని, పాత బేసిను తోసుకుంటూ ఇంజను కిందకి దూరాడు.

"టార్చి ఇటు పట్టు."

"ఇటేగా..."

"నా మొహం మీద కాదే, బోల్టు మీద! చిన్నప్పట్నుంచీ ఇదే వరస నీది. టార్చి చేతికిస్తే గోడ మీద బల్లుల్ని వెతుకుతావు."

కూతురు కాస్త జరిగిన చప్పుడైంది.

"ఆ, ఇప్పుడు బాగుంది."

బోల్టు వదిలింది. వేడి నూనె బేసిన్లో దబదబా పడింది. ఆ సందట్లోనే బోల్టుకుండే వాషరు వేళ్ళలోంచి జారింది.

టింగ్.

దొర్లుకుంటూ పోయింది. పెద్దాయన ఊపిరి బిగబట్టాడు. అది లేకుండా బోల్టు బిగిస్తే నూనె కారుతుంది. నూనె కారితే తాళం పోయినట్టే. పిల్ల మొహం ఎలా చూడాలి?

చప్పుడు ఎడమ చక్రం దగ్గర ఆగింది.

"ఏంటి నాన్నా పడింది?"

"ఏం లేదు. నువ్వు కదలకు."

అరచేత్తో నేలంతా తుడుచుకుంటూ పోయాడు. ఒక రాయి. ఒక ఎండుటాకు. మళ్ళీ రాయి. మెడ మీద చెమట కారుతోంది. చివరికి చిటికెన వేలికి తగిలింది.

"ఇదిగో వాషరు! మర్చిపోయానా? లేదు కదా? అదీ!"

బోల్టు బిగించాడు. పాత ఫిల్టరు విప్పి, కొత్తదాని రబ్బరు రింగుకి నూనె రాసి చేత్తోనే తిప్పాడు.

"స్పానరు వెయ్యవా?"

"వేస్తే రింగు చితికిపోతుంది. నన్ను ఓడిద్దామనా?"

"కాదు నాన్నా" అంది కూతురు. 

గరాటు పెట్టి కొత్త నూనె పోశాడు. నూనె కొలిచే పుల్ల తీసి తుడిచి, మళ్ళీ ముంచి, బొటనవేలు ఆన్చాడు. "సరిగ్గా పై గీత దాకా ఉంది. కావాలంటే చూసుకో."

"అక్కర్లేదు."

గ్రీజు కొట్టడమూ అయింది. ఇక మిగిలింది బ్రేకు. పెడలు చేత్తో నొక్కి చూశాడు.  బ్రేకు అసలు లూజుగానే లేదు. అయినా స్పానరు పెట్టి తిప్పినట్టు చేశాడు.

"చెప్పానా, ఇదే గేటుని గీకింది! ఇప్పుడు బిగిసింది. ఎక్కి స్టార్ట్ చెయ్యి."

ఇంజను డుగుడుగుమంది. బోల్టు కింద అరచెయ్యి పెట్టాడు. పొడిగా ఉంది. ఫిల్టరు చుట్టూ తడిమాడు. అక్కడా పొడే.

"చాలు, ఆపు!"

బయటకొచ్చి చేతులు తుడుచుకుని, దర్జాగా అరచెయ్యి చాపాడు.

"ఒక్క తప్పు పట్టావా? పట్టలేవు. ఇవ్వు తాళం."

 షట్టరు మీద వాన చప్పుడు ఒక్కటే.

"అమ్మాయ్?"

బరువుగా, చల్లగా ఏదో అరచేతిలో పడింది.

"తాళం అడిగితే టార్చి ఇస్తావేంటే?"

కూతురు ఆయన చెయ్యి వదల్లేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"దీన్ని నేను వెలిగించనే లేదు నాన్నా."