ఒక్క ఓటు ఎక్కువ

"పొద్దున సభలో అంత గొంతు చించుకున్నావు, ఇప్పుడు చేప ముక్క కూడా దిగడం లేదా?" అన్నాడు ప్రెబెన్.

కోపెన్‌హేగెన్ పార్లమెంటు క్యాంటీన్‌లో ఇంగెర్ రొట్టె మీది హెర్రింగ్ ముక్కను ఫోర్కుతో అటూ ఇటూ జరుపుతోంది. దంపతులిద్దరికీ ఇరవై ఎనిమిదేళ్లు నిండితేనే విదేశీ భర్తకైనా భార్యకైనా వీసా అనే బిల్లును పొద్దున సభలో సమర్థించింది ఆమే. ప్రతిపక్షం నుంచి దాన్ని ఉతికి ఆరేసింది ప్రెబెన్.

"మా పార్టీ చెప్పమంది, చెప్పాను."

"నీకు మనసు లేదంటే నేనొప్పుకోను. నా భార్య కరిన్ ఆఖరి రోజుల్లో నేను ఆస్పత్రి వదిలి రాలేకపోతే, నాకు జతగా నీ ఓటూ మానుకుని రెండు పక్షాల లెక్క సరిచేశావు. అలాంటిదానివి కాపురాలు విడగొడతావా?"

"అది సభ మర్యాద, అందరూ చేసేదే. ఉపన్యాసం ఆపి కాఫీ తాగు."

ఇంగెర్ ఫోన్ బోర్లించింది. 'అమ్మా, నువ్వు కూడానా?' అని మారెన్ మెసేజ్. కూతురికి ఇరవై అయిదు, ఎనిమిదో నెల. అల్లుడు ఇల్యాస్ వీసా కోసం ట్యునిస్‌లో ఎదురుచూస్తున్నాడు. ఈ పెళ్లి సంగతి ఇంగెర్ ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

బిల్లుకు ఒక్క ఓటే ఎక్కువ. సమానమైతే వీగిపోతుంది. పార్టీకి ఎదురు ఓటు వేసే ధైర్యం ఆమెకు లేదు. వేయకుండా ఉండే ధైర్యాన్ని మాత్రం ఎలాగో కూడగట్టుకుంది.

ఓటింగ్ గంట మోగింది. ఇంగెర్ బల్ల మీద తల వాల్చేసింది.

"కళ్లు తిరుగుతున్నాయి, ప్రెబెన్."

"డాక్టర్ని పిలవనా?"

"వద్దొద్దు. మావాళ్లకు తెలిస్తే మోసుకెళ్లి మరీ ఓటు వేయిస్తారు. నువ్వెళ్లు."

"నిన్నిలా వదిలేసి వెళ్లనా?"

"రోజూ నా మీద అరిచేవాడివి, ఇప్పుడు జాలి పుట్టుకొచ్చిందా? వెళ్లవయ్యా బాబూ!"

వెనక్కి చూసుకుంటూనే వెళ్లాడు. ఇంగెర్ తలెత్తి గోడ మీది తెరనే చూస్తూ కూర్చుంది. మారెన్ కడుపులో బిడ్డకు తండ్రి దక్కుతాడు. కావాలనే ఓటు మానిన మాట ఎప్పటికీ ఎవరికీ చెప్పక్కర్లేదు.

తెర మీద అంకెలు పడ్డాయి. బిల్లు నెగ్గింది. ఒక్క ఓటుతో.

ఆమె మళ్లీ చూసింది. అవే అంకెలు.

ప్రెబెన్ మంచినీళ్ల గ్లాసుతో వచ్చాడు.

"ఎవరు?" అంది ఇంగెర్. "మీలో ఎవరు మావైపు వేశారు?"

"ఎవరూ వేయలేదు." గ్లాసు ఆమె చేతికిచ్చి, భుజం తట్టాడు.

"నువ్వు లేవని నీకు జతగా నేనూ మానుకున్నాను."