బొట్టు లేని దిక్కు

"బొట్టు పెట్టిన దిక్కే ఎక్కియ్యి బిడ్డా. అవతలి దిక్కు వద్దు," అంది లింగమ్మ, బల్ల మీద పెట్టిన క్యాసెట్టు మీంచి చెయ్యి తియ్యకుండానే.

"రెండు దిక్కులూ ఎక్కియ్యాలె," అంది కోడలు వినోద. "ఘన్‌పూర్ నుంచి బస్సుల నిలబడి వచ్చింది సగం కోసమా?"

బల్ల అవతలి భవాని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. పాత టేపులు పాడైపోకముందే కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తామని కాలేజీ పిల్లలు హనుమకొండ గ్రంథాలయంలో పెట్టిన శిబిరం అది. వెనక వరసలో జనం పెళ్లి వీడియోలు, ఒగ్గుకథల క్యాసెట్లు సంచుల్లో పట్టుకుని నిలబడ్డారు.

"బొట్టేంది అమ్మమ్మా?" అంది భవాని.

"నాకు చదువు రాదు గద. నా కొడుకు దుబాయి నుంచి నాతోని మాట్లాడిన దిక్కు గుర్తుండాలని పసుపు పెట్టిన."

నా కొడుకు. ఆ మాట విన్నప్పుడల్లా వినోద కడుపులో ఎవరో కుంపటి రాజేసినట్టుంటుంది. వెంకట్రాజం ఈమెకు కొడుకైతే తనకు ఏమీ కానట్టు. పోయిన ఏడు పక్షవాతం వచ్చి ఆయన మాట పడిపోయింది. ఆ నోటికి ముద్ద పెట్టేది వినోద. ఆ నోటి నుంచి వచ్చిన మాటలు మాత్రం అత్త సందూక పెట్టెలో, అత్త బొడ్లోని తాళంచెవి కింద.

"రీలుకు బూజు పట్టింది. తుడిచిన," అంది భవాని, క్యాసెట్టు అందుకుని శుభ్రం చేశాక. "ఒక్కసారి తిరుగుతది. మళ్ల తిరుగుతదన్న భరోసా లేదు. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని ఇంటరా?"

"పెద్దగనే పెట్టు," అంది లింగమ్మ గర్వంగా.

టేపు తిరిగింది. గరగరల మధ్య నుంచి వెంకట్రాజం గొంతు లేచింది. పడుచు గొంతు.

"అవ్వా, మంచిగున్నవా? అవ్వా, మోకాళ్లు గుంజుతానయా? నీకు కంబలి పంపుతాన అవ్వా..."

లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వినోద కూడా ఏడవాలనే వచ్చింది. కానీ ఒక్కో "అవ్వా"కు ఆమె కళ్లు ఇంకా ఇంకా ఎండిపోయాయి. చివరికి "ఇంట్ల అందరిని అడిగిన్నని చెప్పు" అని ముగిసింది. ఆ అందరిలో ఒకతి వినోద.

"అయిపాయె. ఇగ ఇయ్యి," లింగమ్మ చెయ్యి చాపింది.

వినోద ఆ చేతికి అడ్డం నిలబడింది. "తల్లి ముంగట పెండ్లాం పేరు ఎవడు పిలుస్తడు? నా మాటలు అవతలి దిక్కుకు ఉన్నయి. అందుకే దాస్తానవ్ అత్తా."

"ఆడ ఏం లేదు."

"ఏం లేకుంటె, టేపురికార్డరున్న పక్కింటి ప్రేమలత దగ్గర్నుంచి క్యాసెట్టు గుంజుకొచ్చి సందూకల ఎందుకు పెట్టినవ్? మళ్ల ఆ గడప తొక్కద్దని నాకెందుకు ఒట్టు పెట్టిచ్చినవ్? నేను ఆడికి పోయి ఇంటనని గద."

"ఊకూకె ఏస్తె రీలు తెగుతదని తెచ్చిన."

"తెగేది రీలు కాదు, నీ కడుపు. కొడుకు పెండ్లాన్ని ముద్దు చేస్తె ఓర్వవు."

వరసలో నిలబడ్డ రామలింగం తన ఒగ్గుకథ సంచి చంక మార్చుకున్నాడు. "అమ్మా భవాని, గీ అత్తాకోడళ్ల కథ గూడ ఎక్కిచ్చుకో. మా ఒగ్గుకథ కన్న మంచిగుంది."

నలుగురూ నవ్వారు. వినోద నవ్వలేదు. అత్త చేతికి అందకముందే క్యాసెట్టు తిప్పి భవానికి ఇచ్చింది. "పెట్టు చెల్లె. సౌండు ఇంకా పెంచు. అందరూ ఇననీ."

"వద్దు వినోదా," అంది లింగమ్మ. ఆ గొంతులో కోపం లేదు. వినోద అది గమనించే స్థితిలో లేదు.

గరగర. తర్వాత అదే గొంతు, ఈసారి పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు.

"ఇంటున్నవా? మా అవ్వ లేసి పోయినంకనే తిప్పినవ్ గద?"

వినోద కడుపులోని ఇన్నేళ్ల కుంపటి మీద ఎవరో చెంబెడు నీళ్లు కుమ్మరించినట్టయింది.

"నీ చేతి సర్వపిండి మతికొస్తాంది. ఈడ అన్నం తింటాన గని, నువ్వు ముంగట కూసున్నట్టే ఉంటది. నీ నవ్వు చెవులల్లకెళ్లి పోతలేదు."

వెనక వరసలో ఆడవాళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. వినోద కొంగు సర్దుకుంది. బుగ్గలు వేడెక్కాయి. తను సర్వపిండి చేస్తే ఎప్పుడూ మాడ్చేదని ఆయనే ఎక్కిరించేవాడు. మనసులో ఇంత పెట్టుకుని పైకి అట్లా అనేవాడన్నమాట.

"ఇన్నవా అత్తా?" అంది గెలిచినదానిలా. "నా నవ్వట."

లింగమ్మ తల ఎత్తలేదు. కోడలి చెయ్యి పట్టుకుని మెల్లగా, "పోదాం పా బిడ్డా," అంది. పెళ్లయి వచ్చాక ఆమె వినోదను బిడ్డా అనడం అదే మొదలు.

వినోద చెయ్యి విదిలించుకుంది.

"నీకు గులాబి రంగు చీర కొన్న. ఈపారి వచ్చినప్పుడు తెస్త."

అప్పుడు ఆయన తెచ్చింది ఆకుపచ్చది. మగవాళ్లకు రంగులేం తెలుస్తాయిలే అనుకుని వినోద ముసిముసిగా నవ్వుకుంటూ, ఒక్క మాటా పోకుండా స్పీకరు దగ్గరికి వంగింది.

"గని ప్రేమలతా, చీర సంగతి మా ఇంట్లదానికి తెల్వనియ్యకు."