నూట ఇరవై పీరక్కలు

"చూశావా హెల్లా? కాఫీ మన దగ్గర, తిండి దాని దగ్గర!"

యోఎన్సూ ఊరి సంతలో ఇర్యా పళ్ళు కొరికింది. ఆమె దగ్గర కొన్న కాఫీ పట్టుకుని పోస్టుమాన్ నేరుగా ఎదురు బల్ల దగ్గరికి నడిచాడు. అక్కడ సిల్వి పీరక్కలు అమ్ముతోంది. ఇర్యా అమ్మేవీ అవే. రై అనే ధాన్యపు పిండితో చేసిన పలుచని రేకులో, పాలలో ఉడికించిన అన్నం పెట్టి, అంచులు కుచ్చిళ్ళలా నొక్కి కాల్చినవి. ఆరేళ్ల కిందట సిల్వి వచ్చి బల్ల వేసేదాకా ఆ సంతలో ఇర్యాకు ఎదురు లేదు.

"పోనిద్దూ వదినా. నీకూ బేరం బాగానే ఉందిగా," అంది ఆడపడుచు హెల్లా.

"బేరం గురించి కాదే. ఇంత ఊరుంటే, వచ్చి వచ్చి నా కళ్ళెదురుగానే అమ్మాలా?"

సిల్వి రోజూ చెయ్యూపి పలకరించేది. ఇర్యా ముఖం తిప్పుకునేది. ఓసారి హెల్లా చేత సిల్వి పీరక్క ఒకటి తెప్పించి, కొరికి, "ఉప్పెక్కువ" అని పక్కన పడేసింది. హెల్లా నీళ్లకు వెళ్లగానే మిగతాది గబగబా తినేసింది.

సెప్టెంబరులో సిల్వి బల్ల రెండు వారాలు ఖాళీగా ఉంది.

"స్టేషన్ దగ్గర పెద్ద కొట్టు చూసుకుంటోందట," అన్నాడు చేపలమ్మే ఆయన. ఇర్యా కాఫీ గిన్నె మూత దభీమని వేసింది.

మూడో వారం సిల్వి భర్త తౌనో వచ్చాడు.

"శనివారానికి నూట ఇరవై పీరక్కలు కావాలి, ఇర్యా గారూ. చర్చి పక్క హాలుకి."

"ఏం, మీ ఇంట్లో చేసేవాళ్లు కరువయ్యారా?"

తౌనో తల దించుకున్నాడు. "మీవే పెట్టాలంది. ఇంకెవరివీ వద్దని మరీ మరీ చెప్పింది."

అతను వెళ్లగానే ఇర్యా హెల్లా భుజం పట్టి ఊపేసింది. "కొట్టు తెరిచే విందు కాబోలే! నలుగురి ముందు పెట్టడానికి తనవి పనికిరావని ఒప్పుకుంది!"

"పెట్టెలు నేను దించేసి వస్తాలే వదినా."

"నువ్వొద్దు. నేనే వెళ్తా. అందరూ నా పీరక్కలు మెచ్చుకుంటుంటే దాని ముఖం చూడాలి."

ఆ నూట ఇరవై పీరక్కల మీదా ఇర్యా ఎన్నడూ పెట్టనంత శ్రద్ధ పెట్టింది. ఒక అంచు వంకరపోతే విప్పి మళ్ళీ నొక్కింది. శనివారం ఎర్ర గౌను తొడుక్కుని, పెదవులకు రంగు వేసుకుని, వేడి పెట్టెలు మోసుకుంటూ హాలు చేరింది. భుజంతో తలుపు నెట్టింది.

"ఏదీ, సిల్వి ఎక్కడ?" అంది హాలంతా వినబడేలా.

తౌనో లేచి వచ్చి, ఆమె చేతుల్లోంచి పెట్టెలు అందుకుని, గది చివరి బల్లవైపు చూపించాడు.

వెలుగుతున్న కొవ్వొత్తి పక్కన సిల్వి ఫోటో ఉంది.