ఒక్క రేత్రి ఎగిరితే చాలు

"ఎగరదన్నా ఇది," అంటూ నియాజ్ స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు. "ఒక మోటారు పూర్తిగా కాలిపోయింది. కొత్తది మద్రాసు నుంచి రావాల. రెండు దినాలు పడతాది."

బల్లకు అవతల నిలబడిన మునికుమార్ కదల్లేదు. పాకాల అవతల అడవంచు పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి తిరుపతికి వచ్చిన మనిషి. ఆ డ్రోన్‌ను తువ్వాలులో చుట్టి, జ్వరం తగిలిన పసిబిడ్డను తెచ్చినట్టు గుండెకు ఆనించుకుని తెచ్చాడు.

"రెండు దినాలంటే కుదరదప్పా. అది ఈ రేత్రికే వస్తాది."

"ఏది?"

"ఏనుగు."

రిమోట్ కార్లు, విమానాలు, డ్రోన్లు అమ్మే ఆ దుకాణంలో రిపేర్ల పని నియాజ్‌ది. గోడకు గుద్దుకున్న విమానాలు, కాలవలో పడిన కార్లు అతనికి కొత్త కాదు. ఏనుగు పేరు చెప్పి వచ్చినవాడు మాత్రం ఇతనే మొదలు.

"మా యజమాని మనవడు ఆడుకోని పారేసింది ఇది," అన్నాడు మునికుమార్. "దీని మోత తేనెటీగలు ముసురుకున్నట్టు ఉంటాది. తలకాయ మీద తిప్పితే ఏనుగు ఇంగ ముందుకు రాదు, అడివి దిక్కు మళ్లుకుంటాది. రెండుసార్లు అట్లే మళ్లించినా. మొన్న మామిడి కొమ్మకు తగులుకోని పడిపాయ."

"ఫారెస్టోళ్లకు చెప్పినావా?"

"చెప్పినా. గుంపు ఇంకో దిక్కు దిగిందంట, అందరూ ఆడనే ఉండారు. ఇది గుంపులోది కాదప్పా. ఒంటిగా తిరుగుతాది, పిల్లనేసుకోని. ఒక చెవి చినిగి ఉంటాది."

"తోటలో ఏముంది?"

"చెరుకు. కొట్టేదానికి తయారుగా ఉండాది. ఆ తోటకు కావలి నేను. అది ఆడ కాలు పెట్టిందంటే అంతా అయిపోతాది."

ఉద్యోగం పోతుందని భయం కాబోలు అనుకున్నాడు నియాజ్. మళ్లీ మోటారు విప్పాడు. లోపలి తీగచుట్ట నల్లగా మాడిపోయి ఉంది. ఎంత గీకినా, ఎంత తుడిచినా అందులో ప్రాణం లేదు.

మునికుమార్ చూపు అలమరలో ఉన్న ఇంకో డ్రోన్ మీద పడింది. "అదీ ఇదే కదప్పా?"

"అదేన్నా. కానీ అది వేరేవాళ్లది. బాగుచేసి పెట్టినాను, సాయంత్రం వచ్చి తీసుకుంటారు."

"ఈ ఒక్క రేత్రికి ఇప్పియ్యప్పా. తెల్లారి మొదటి బస్సుకు తెచ్చి నీ చేతిలో పెడతా."

నియాజ్ దుకాణం యజమానురాలు ధరణి వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "మనది కాని వస్తువు ఎట్లిస్తామబ్బా? పోనీ వాళ్లనే అడిగి చూడు."

నియాజ్ ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఓపిగ్గానే విన్నాడు. చివర్లో "ఏనుగా?" అని నవ్వి, ఈ పూట తమ పిల్లవాడి పుట్టినరోజని, తాను బయలుదేరుతున్నానని చెప్పాడు. అన్నట్టే వచ్చాడు, తీసుకుపోయాడు. కారు మలుపు తిరిగేదాకా మునికుమార్ గుమ్మంలో నిలబడి చూశాడు.

అంతలో అతని జేబులో ఫోన్ మోగింది. "జడ నేనొచ్చి ఏస్తాలేమ్మా. అందాకా అవ్వ దగ్గరే కూసో. చీకటి పడితే బయటికి రావద్దు," అని పెట్టేశాడు.

"పాపనా?" అన్నాడు నియాజ్. జడలు వేసే నాయన అని అతనికి నవ్వొచ్చింది.

"ఊ. పాపే."

ఇక చేసేదేమీ లేక నియాజ్ పాత సామాన్ల డబ్బా కుమ్మరించాడు. కొంచెం చిన్న మోటారు ఒకటి దొరికింది. దానికి పనికొచ్చేది కాదు. అయినా బిగించి, తీగలు అతికించి, వీధిలోకి తెచ్చి ఎగరేశాడు. డ్రోన్ లేచింది. కానీ కుంటివాడిలా ఒక పక్కకు ఒరిగి గింగిర్లు కొట్టింది. పట్టుకుని చూస్తే మోటారు చెయ్యి కాలేంత వేడెక్కి ఉంది.

"లేస్తాది కానీ ఎంతసేపు ఉంటాదో చెప్పలేనన్నా. ఇంతకన్నా నా చేత కాదు."

"లేస్తే చాలప్పా." మునికుమార్ దాన్ని తువ్వాలులో చుట్టుకుని బస్టాండు వైపు పరుగెత్తాడు.

మర్నాడు దుకాణం తెరవగానే నియాజ్ ఫోన్ చేశాడు. "ఎగిరిందా అన్నా?"

"ఎగిరిందప్పా. దాని మోతకు ఏనుగు రెండడుగులు ఎనక్కి కూడా ఏసింది. అంతలోకే ఇది నేలపడిపాయ."

"చెరుకంతా పాయనా?"

"చెరుక్కేం కాలేదు."

నియాజ్ గుండె కుదుటపడింది. "పోనీలే, నీ పనికి ముప్పు లేదు."

"యజమాని తోట చుట్టూ గట్టు మీద కరెంటు తీగ కట్టించినాడప్పా," అన్నాడు మునికుమార్. "కాళ్లు పట్టుకున్నా తియ్యలే. ఆయన కూడు తింటా ఆ మాట నీకాడ చెప్పలేకపోయినా. చెరుకు దాకా రానేలేదు అది. తీగ తగిలి గట్టు మీదనే పడిపాయ. పిల్ల తొండంతో దాన్ని లేపతా ఉండాది. ఎంత అదిలించినా పోలే."

నియాజ్ చూపు నిన్న కుమ్మరించిన పాత సామాన్ల డబ్బా మీద పడింది. నిన్నంతా తాను చెరుకు కోసం తంటాలు పడుతున్నాననుకున్నాడు. అవతల మునికుమార్ ఏడుపు ఆపుకోవడం వినిపిస్తోంది.

"ఆ ఏనుగు మీద నీకంత ప్రేమ ఎట్ల కుదిరిందన్నా?"

"ప్రేమ యాడిదప్పా. దానికీ ఒక పిల్ల ఉండాది, అంతే," అని మునికుమార్ ముక్కు చీదాడు.

"మా పాప వాళ్లమ్మను తొక్కి సంపింది అదే."