తుమ్మ మొదట్లో

తుమ్మలు పట్టిన చేను బాగుచేయడానికి ట్రాక్టరు బకెట్ కొనబోతే, గవర్నర్‌పేట షాపతను అడిగాడు: "సాదాది పైపైన గీకుతుందండీ. ఇనప పళ్లున్నది వేళ్లతో సహా పెకలిస్తుంది. అడుగున ఏమీ లేవు కదండీ?"

"వేళ్లు తప్ప ఏముంటాయి," అన్నాడు దత్తాత్రేయ.

చీకటిపడే వేళకు చివరి తుమ్మ లేచింది. బకెట్ పళ్ల సందుల్లోంచి మట్టి రాలుతూ మువ్వ మోగింది.

అప్పుడు గుర్తొచ్చింది. నడక రాకముందే పోయిన కొడుకును మొలతాడు మువ్వతోనే ఈ తుమ్మ మొదట్లో పూడ్చాడు. ఇన్నేళ్లలో ఎలా మరిచిపోయాడు? సాదాది తీసుకోవలసింది.

ఇంజను ఆపేశాడు. బకెట్ కదలడం లేదు. మువ్వ మాత్రం తప్పటడుగులు వేస్తున్నట్టు మోగుతూ గట్టువైపు వెళ్తోంది.

గట్టు మీద భార్య హైమవతి చేతులు చాచి కూర్చుంది.

"మెల్లగా నాన్నా, పడతావు."