మూడో వరుస

“ఆ ఉలి రాతికి తగిలేముందు నాకు తగలాలి!” అంటూ ముసలి లైకోన్ శాసనాన్ని వాటేసుకుని కూర్చున్నాడు.

రాళ్ళు చెక్కే దామిస్ తల పట్టుకున్నాడు. యుద్ధనౌకల్ని ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి నేలమీదుగా లాగించిన రోమన్ సేనాధిపతిని పొగిడే లాటిన్ పద్యం అది. ఇప్పుడా సేనాధిపతి రోమ్‌లో ద్రోహి అయిపోయాడు. మూడో వరుసలో ఉన్న అతని పేరు పొద్దుగూకేలోగా తొలిచెయ్యమని గ్రీకుల కొరింత్ రేవుకి ఆజ్ఞ వచ్చింది.

“తాతా, ఆయన నీకేమన్నా మేనమామా?”

“వాడెవడైతే నాకెందుకురా! ఆ ఓడలు లాగిన తాడు ఒరుసుకున్న మచ్చ ఈ భుజం మీద ఇంకా ఉంది. మా కూలోళ్ళ పేరు ఒక్కటీ వెయ్యలేదు. పెళ్ళయిన కొత్తలో మా మిర్రినకి ఆ మూడో వరుస చూపించి, ‘ఇది నా పేరే’ అని కోతలు కోశాను. ఈ రేవులో లాటిన్ చదివేదెవరులే అనుకున్నా. ముప్పై ఏళ్ళుగా పండగపండక్కీ దానికి నూనె రాస్తోంది, పిచ్చిది. ఇప్పుడు నేనేం మొహం పెట్టుకుని ఇంటికెళ్ళను?”

దామిస్‌కి నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది. నిజమే. పది వరుసల్లో మూడోదే జిడ్డు పట్టి నల్లబడింది.

అంతలో మిర్రినే రొట్టె, ఉప్పుచేపల మూటతో వచ్చింది.

“పొద్దున్నుంచి ఎంగిలి పడకుండా ఈ రాతిని కౌగిలించుకున్నావా? నన్నెప్పుడైనా అంత గట్టిగా పట్టుకున్నావా?”

లైకోన్ మొహాన్ని రాతికి ఆనించి దాచుకున్నాడు. దామిస్ ఉండబట్టలేకపోయాడు.

“అమ్మా, తాత పేరు రోమ్ వాళ్ళ కళ్ళలో పడింది. కూలివాడికింత గొప్పేమిటని కుళ్ళుకుని, తీసెయ్యమన్నారు.”

“కుళ్ళుబోతులు!” అంది మిర్రిన. మొగుడి చేతిలో మూట పెట్టింది. “పేరు తీసేస్తే నువ్వు లాగిన ఓడలు వెనక్కెళ్తాయా? వెళ్ళు, ఆ పడవ నీడన కూర్చుని తిను.”

లైకోన్ దామిస్ వైపు దణ్ణం పెట్టినట్టు చూసి, పడుచువాడిలా లేచి వెళ్ళాడు.

అతను దూరం వెళ్ళేదాకా ఆగి, మిర్రిన గొంతు తగ్గించింది.

“లోతుగా తొలుచు నాయనా, ఒక్క అక్షరం మిగలకూడదు. పెళ్ళికి ముందు రోమన్ల ఇంట్లో పిల్లల్ని పెంచినదాన్ని, నాకు లాటిన్ చదవడం వచ్చు. ఎవడైనా వచ్చి మా ఆయన ముందు ఆ పేరు పైకి చదివేస్తాడేమోనని హడలి, నూనెకి దుమ్ము పట్టి ఆ అక్షరాలు పూడిపోతాయని ముప్పై ఏళ్ళుగా రాస్తూనే ఉన్నాను!”