ఇక్కడ ఎవరూ మునగలేదు

మొదటిసారి అడగ్గానే "ఇవ్వండి" అనేశాడు గ్రెగ్ మరినో.

కాఫీ పోయబోతున్న వెర్నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మిన్నెసోటాలో మర్యాద తెలిసినవాడు కాఫీని రెండుసార్లు వద్దంటాడు. మూడోసారి "సరే, మీ మాట కాదనలేక" అంటాడు. ఈయన షికాగో మనిషి. ఇక్కడి అమ్మాయిని చేసుకుని, నిన్నగాక మొన్న కౌంటీ బోర్డులో సభ్యుడయ్యాడు. సరస్సు పార్కు ఉంచాలో మూసెయ్యాలో తేల్చమని బోర్డు ఆయన్నే పంపింది. ఏళ్ల తరబడి పార్కును కన్నబిడ్డలా చూసుకుంటున్న వెర్నాకి ఆయన అధికారం కంటే ఆయన నోరంటేనే ఎక్కువ భయంగా ఉంది.

ఎందుకంటే ఆ ఊళ్లో ఎదుటివాడు నొచ్చుకునే మాట ఎవరూ అనరు. నోటిదాకా వచ్చినా కాఫీతో పాటు మింగేస్తారు. పెళ్లి జరిపిస్తున్న పాస్టరుగారి విగ్గు వెనకది ముందుకొచ్చినా, తంతు అయ్యేదాకా కళ్లప్పగించి చూసి, "ప్రసంగం బాగుందండీ" అని చెయ్యి కలిపి వెళ్లిపోయే జనం. అలాంటి చోటికి నోట్లో నువ్వుగింజ నానని మనిషి తనిఖీకి వచ్చిపడ్డాడు.

"రండి, చరిత్రతో మొదలుపెడదాం," అంటూ వెర్నా దారి తీసింది. "ఈ నేల టొలెఫ్‌సన్ అనే రైతు రాసిచ్చాడండీ. ఇందులో గడ్డి కూడా మొలవలేదట, అందుకని ఉదారంగా ఇచ్చేశాడు. ఈ రాతి మండపం కరువు రోజుల్లో పనిలేని కుర్రాళ్లు కట్టారు. ఇటు పడవల రేవు. అటు బట్టలు మార్చుకునే గదులు. అదిగో, చేపలు శుభ్రం చేసుకునే పాక."

మరినో పాకలోకి తొంగిచూశాడు. "నీచు వాసనే లేదే!"

"శుభ్రత దగ్గర నేను రాజీపడనండీ."

ఆయన పడవ అంచు తడిమి చూశాడు. "కొత్తవా? రంగు కూడా చెదరలేదు."

"పాతవేనండీ. జాగ్రత్తగా వాడతాం."

ఇసుక ఒడ్డుకి వచ్చేసరికి మరినో నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మొదటిసారి చూసినవాళ్లంతా ఇలాగే నిలబడిపోతారు," అంది వెర్నా.

"కానీ, వెర్నా గారూ, ఇక్కడ..."

"ఎండ మాడుస్తోంది కదా! టోపీ తెచ్చుకోవాల్సింది మీరు," అని ఆమె మాట మధ్యలోనే తుంచేసింది.

ఇంతలో ఎత్తైన కుర్చీ మీంచి ఈల మోగింది. ఈతగాళ్లకి కాపలా ఉండే కర్టిస్ అరుస్తున్నాడు. "ఏయ్, తాడు దాటి లోతుకి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాలర్రా!"

ఇద్దరు పిల్లలు తాడు దగ్గరే బుద్ధిగా ఆగిపోయారు.

"కర్టిస్ వచ్చాక ఇక్కడ ఒక్కరూ మునగలేదండీ. కౌంటీ పతకం కూడా ఇచ్చింది," అంది వెర్నా గర్వంగా.

"నమ్ముతాను," అన్నాడు మరినో నెమ్మదిగా.

"అక్కా, సారు ఈతకి దిగుతారా?" పైనుంచి అడిగాడు కర్టిస్. "తిని వచ్చుంటే మాత్రం అరగంట ఆగాలి. నా దగ్గర ఎవరైనా ఒకటే!"

చేపలు పట్టే చెక్క వంతెన చివర ముసలి లోవెల్ గాలం పట్టుకుని కూర్చున్నాడు. రోజూ అక్కడే కూర్చుంటాడు.

"ఏమైనా పడ్డాయా లోవెల్?" అడిగింది వెర్నా.

"ఏదో, ఫర్వాలేదు. ఇంతకన్నా అధ్వానమైన రోజులు చూశాం."

మరినోకి ఇక ఓపిక చచ్చిపోయింది. "చూడండీ, ఇందాకటినుంచీ నోరు నొక్కుకుని ఉన్నాను. ఒక్క ప్రశ్న సూటిగా అడుగుతాను."

లోవెల్ తల దించుకున్నాడు.

"అడక్కండి బాబూ," అంది వెర్నా. "మావారు నన్ను పెళ్లాడతావా అని అడిగింది ఈ వంతెన చివరే. ఆయన పోయాక, పొద్దున్నే మంచం దిగడానికి నాకు ఈ పార్కొక్కటే మిగిలింది. మీరు అడిగారంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. చెప్పాక మూసెయ్యక తప్పదు."

మరినో ఆమె వంక చూశాడు. లోవెల్ వంక చూశాడు. దూరంగా ఈల నోట్లో పెట్టుకుని ఇటే చూస్తున్న కర్టిస్ కూడా కనిపించాడు. లోవెల్ రెండో గాలం అందించాడు.

ఆయన బూట్లు విప్పాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని, వంతెన అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు.

"పార్కు ఉంటుందండీ, నేను చూసుకుంటాను," అన్నాడు. "నేను అడగబోయింది ఇంతే. ఇక్కడ ఏ చేపలు పడతాయి?"

"ఓపికుంటే అన్నీ పడతాయి," అన్నాడు లోవెల్.

వెర్నా ఆనందం పట్టలేక గట్టిగా ఏడ్చేసింది. మరినో గాలం విసిరి, వేలు పెదవుల మీద పెట్టుకుని, "ష్, మెల్లగా! చేపలు బెదిరిపోతాయి," అన్నాడు.

ఆ సరస్సు ఎండిపోయి ఇరవై ఏళ్లయింది.